కొల్లేటి గట్టున పక్షులబడి

విద్య యనగానే మనకు పలకలు, పుస్తకములు, బల్లలు స్ఫురించుట సహజము. కాని నాలుగు గోడలు లేని బడులును కొన్ని కలవు. అట్టి బడి యొకటి కృష్ణా గోదావరుల నడుమ, కొల్లేటి గట్టున, కైకలూరునకు చేరువనున్న ఆటపాకలో కలదు. అచ్చటి పక్షులను చూచి వచ్చినవారు పెక్కుమంది. చూచి నేర్చుకొని వచ్చినవారు కొలదిమంది. ఆ నేర్వదగిన దేమో, అది మన గృహములకు ఏల కావలయునో సోదరీమణులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ చెన్నై నుండి కలకత్తా పోవు రాజమార్గమును, బందరు రోడ్డును కలియుచున్నవి. అటనుండి బందరు రోడ్డున పామర్రు వరకు పోయి, గుడివాడ మీదుగా కైకలూరు చేరవచ్చును. రైలున పోదలచినవారికి విజయవాడ నుండి గుడివాడ, భీమవరముల మార్గమున కైకలూరు స్టేషను కలదు. తెల్లవారుజామున బయలుదేరినచో పక్షులను చూచి ప్రొద్దు గ్రుంకులోపల ఇల్లు చేరవచ్చును. కార్తికము మొదలు మాఘము వరకు ఇందులకు మంచి కాలము.

కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు దీనిలో పడును. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు పారి దీని నీటిని సముద్రమునకు చేర్చును. వానకాలమున రెండు డెల్టాల నడుమ పొంగివచ్చు వెల్లువను ఈ సరస్సు తన కడుపున దాచుకొని, పిదప మెల్లగా విడుచును. ఇంటిలో ధాన్యపు గాదె యెట్టిదో, దేశమునకు ఇట్టి చిత్తడినేల యట్టిది. నిండినపుడు దాచును, కొరత కలిగినపుడు ఇచ్చును. ఇట్టి నేలలను కాపాడుటకు 1971లో ఇరాను దేశపు రాంసారు పట్టణమున పలుదేశములవారు ఒడంబడిక చేసికొనిరి. ఆ ఒడంబడిక పట్టికలో 2002లో కొల్లేరును చేరినది.

ఆటపాకలో అటవీశాఖవారు పర్యావరణ విద్యాకేంద్రమును, పక్షుల ప్రదర్శనశాలను నెలకొల్పిరి. చెరువులో పడవపై పోయి పక్షులను చూడవచ్చును. అచ్చట ముఖ్యముగా కనబడునవి గూడబాతులు. వానితోడ ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు మున్నగునవి గుంపులుగా నుండును. చెరువు నడుమ నిలిపిన ఇనుప మంచెలపై గూడబాతులు పుల్లలతో గూళ్ళు కట్టుచుండును.

“అమ్మా, దాని ముక్కు క్రింద ఆ సంచి యేమిటే?” యని పిల్లవాడు తప్పక అడుగును. తల్లి చెప్పగలిగిన కదా యాత్ర సార్థకము! ఆ సంచి తిండిని మూటకట్టుకొని పోవు జోలె యని పలువురనుకొందురు. అది జోలె కాదు, వల. గూడబాతు చేపలతోకూడ నీటిని సంచిలోనికి తీసికొని, మెడ వంచి నీటిని వెలికి జారవిడిచి, చేపలను మాత్రము మ్రింగును. గూటికి వచ్చిన పిదప పిల్లలు తల్లి గొంతులోనికి తలదూర్చి, అది కక్కి యిచ్చిన ఆహారమును తినును. ఆడుపక్షి సాధారణముగా మూడు నాలుగు గ్రుడ్లు పెట్టును. తల్లియు తండ్రియు వంతులవారీగా ఇంచుమించు నెల దినములు పొదుగును. పిల్లలు మూడు మొదలు అయిదు మాసములు గూటిని, దాని పరిసరములను విడువవు. పసిబిడ్డల పెంపకములో తండ్రికిని పాలు గలదని మన ఇండ్లలో చెప్పిచూపుటకు ఇంతకంటె మంచి తార్కాణ మేమి కావలెను?

మరియొక అపోహను గూర్చి చెప్పవలసియున్నది. చిత్తడినేలలో కనబడిన ప్రతి పెద్దపక్షిని “సైబీరియా పక్షి” యనుట మనవారికి అలవాటు. శీతకాలమున ఉత్తరదేశముల నుండి ఎగిరి వచ్చు బాతులు కొల్లేటిలో కలవు, నిజమే. కాని గూడబాతు పరదేశి కాదు. దీని పుట్టినిల్లు దక్షిణ భారతము, సింహళము, కాంబోడియా మొదలగు కొలది దేశములే. అతిథి యైనచో నాలుగు దినములుండి తన ఇంటికి పోవును. గూడబాతునకు వేరొక ఇల్లు లేదు. మనము పోగొట్టినచో అది పోయినట్లే. ఈ యొక్క సత్యము తెలిసినవారు ఆ పక్షిని చూచు చూపే మారును.

పోగొట్టుట యెట్లుండునో కొల్లేరు ఇదివర కొకసారి చూచినది. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున ఆరేడు గ్రామములో గూడబాతుల మహానివాస మొకదానిని కనుగొనెను. నాడచ్చట ఇంచుమించు 3,000 గూడబాతులు గూళ్ళు కట్టియుండెను. 1975 నాటికి ఆ నివాసము మాయమైనది. నేడు ఆటపాకలో ఇనుప మంచెలపై కనబడు గూళ్ళు, చెట్టును కోల్పోయిన పక్షికి మానవుడు చేసిన ప్రత్యుపకారము. మంచె దిగి చెట్టెక్కు దినము వచ్చినప్పుడే ఆ ఋణము తీరును.

ఇంతమాత్రమున పక్షుల మేలే చూచి మనుష్యుల గోడు మరచుట న్యాయము కాదు. కొల్లేటి లంకలలో తరతరములుగా చేపలు పట్టి బ్రదుకువారు కలరు. 1999లో ప్రభుత్వమువారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించిరి. అంతకు మునుపే సరస్సు గర్భమున గట్లు వేసి బొచ్చె, శీలావతి పెంచు చెరువులు త్రవ్వించుట సాగుచుండెను. సరస్సులో నీరు పారు త్రోవలు మూసికొనిపోయెను. 2006లో సుప్రీంకోర్టు నియమించిన సంఘము సూచనపై ఆ గట్లను కొట్టించిరి. పెట్టుబడి పెట్టిన ధనికులు నష్టపడిరి. కూలిపని పోగొట్టుకొన్న పేదలును నష్టపడిరి. కొంతకాలమునకు పలుతావుల చెరువులు మరల వెలసెను. అభయారణ్యపు హద్దును 5 అడుగుల మట్టము నుండి 3 అడుగుల మట్టమునకు తగ్గింపవలయునని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. వాదము చిరకాలము సాగినది.

ఆలోచించి చూడగా ఇందులో ఒక పాఠము కలదు. చట్టము గట్టును కొట్టగలదు గాని మనస్సును మార్చజాలదు. మగవాడు చేప తెచ్చినగాని పొయ్యి వెలుగని ఇంటి ఇల్లాలికి, పక్షిని కాపాడుటవలన తన బిడ్డలకు ఏమి లాభమో ఎవరైన కూర్చుండి చెప్పవలెను. చెప్పుటయే కాదు, ఆ లాభములో ఆమెకు పాలు పెట్టవలెను. పడవ నడపుట, దారి చూపుట, వచ్చినవారికి భోజనము వండి పెట్టుట మున్నగు పనులు లంకలవారికే దక్కినచో, పక్షి వారికి పోటీదారు కాక పోషకుడగును. విద్యాకేంద్రము పట్టణపు పిల్లల కెంత అవసరమో లంకల స్త్రీల కంతకంటె నవసరము.

స్త్రీలు పూనుకొనిన ఏమి జరుగునో చూపుటకు దృష్టాంతములు లేకపోలేదు. అస్సాములో హర్గిలా యను పెద్ద కొంగ కలదు. చచ్చిన మాంసము తినునని దానిని అశుభముగా నెంచి, జనులు గూళ్ళున్న చెట్లను నరుకుచుండిరి. పూర్ణిమాదేవి బర్మన్ అను జీవశాస్త్రవేత్త పల్లెపల్లెకు పోయి గృహిణులను కూడగట్టినది. పక్షులు గూళ్ళు కట్టు కాలమున ఆ స్త్రీలు, తమ ఇంటి ఆడుబిడ్డకువలె, వానికి సీమంతము చేయుదురు. మగ్గములపై వస్త్రములలో ఆ పక్షి రూపమును నేసి అమ్ముకొందురు. “హర్గిలా సేన” యని ప్రసిద్ధికెక్కిన ఆ కృషికి 2022లో ఐక్యరాజ్యసమితి వారి పర్యావరణ పురస్కారము లభించినది. అంతకు చాలకాలము మునుపు, 1889లో, ఇంగ్లండులోని మాంచెస్టరు ప్రాంతమున ఎమిలీ విలియంసన్ అను నామె, టోపీలపై పక్షుల ఈకలు ధరింపబోమని తోడి స్త్రీలచే ప్రతిజ్ఞ చేయించెను. ఇంటిలో పుట్టిన ఆ చిన్న సంఘమే పెరిగి నేడు ఆ దేశపు పక్షి సంరక్షణ మహాసంఘమైనది. ఈకల దిగుమతిని నిషేధించు చట్టము 1921లో వచ్చినది.

మన దేశమున మాత్రము లేరా? శ్రీకాకుళము సీమలోని తేలినీలాపురమున గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఇండ్ల చెంత చింతచెట్లపై గూళ్ళు కట్టుచుండగా, వాని రాకను ఊరివారు శుభముగా నెంచుదురు. గుంటూరు చేరువనున్న ఉప్పలపాటి చెరువు పక్షులకు ఊరివారే కాపరులు. సూళ్ళూరుపేటలో 2001లో ఆరంభమైన ఫ్లెమింగో పండుగవలన నేలపట్టు గూడబాతులును పులికాటు రాజహంసలును బడిపిల్లలకు పరిచయమైనవి.

ఇక విజయవాడ గృహిణికి కొల్లేటితో బంధుత్వమేమి యందురా? ఆ బంధువు పేరు బుడమేరు. మైలవరపు కొండల వైపున పుట్టి, నగరపు ప్రక్కగా పారి, అది కొల్లేట కలియును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేటికి గండ్లు పడి సింగునగరము మొదలగు పేటలు మునిగినపుడు, మేడలపై చిక్కుకొని త్రాగునీటికై, బిడ్డల పాలకై యెదురుచూచిన తల్లులెందరో! వాన అధికమగుట దైవికము. కాని ఏటి త్రోవను ఆక్రమించుట, మురుగుతో ప్లాస్టికుతో నింపుట, దిగువ సరస్సును పూడ్చుట మానుషము. మన వీథి కాలువ నుండి బుడమేటికి చేరిన సంచి కొల్లేటి పక్షి కాలికి చుట్టుకొనును. పూడిన ఏరు పొంగి మరల మన గడపకే వచ్చును. పక్షికి చోటున్న సరస్సులో వెల్లువకును చోటుండును. ఆటపాక పక్షులు నేర్పు పాఠము ఇదియే.

కావున సోదరీమణులారా, ఆటపాకకు పోవునపుడు కొన్ని నియమములు పాటింతుము గాక. పక్షులు ఆహారమునకై బయలుదేరు తొలిజామునకే చేరవలెను. మెరపు చీరలు కట్టక, పచ్చని లేక మట్టిరంగు వస్త్రములు ధరించుట మేలు. పడవపై పిల్లలను కేకలు వేయనీయరాదు. గూటికి మరింత చేరువగా పొమ్మని పడవవానిని తొందరపెట్టరాదు. తల్లిపక్షి బెదరి లేచినచో గ్రుడ్లు ఎండకు మాడును, కాకులు పొడిచికొనిపోవును. పక్షులకు తిండి వేయరాదు. పులిహోర, దధ్యోదనము స్టీలు గిన్నెలలో తీసికొనిపోయి, ఆ గిన్నెలతోనే తిరిగి రావలెను. ముందుగా విద్యాకేంద్రము చూచి, పిదప పడవ యెక్కినచో పిల్లలకు ఏది యేదో తెలియును. ఇంటికి వచ్చిన తరువాత చూచిన పక్షుల పేర్లు వారిచే వ్రాయింపవలెను.

ఫాల్గునమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు వేలకొలది స్త్రీలు పోవుదురు. అమ్మవారి కొలువు ఆ నీటి నడుమనే కదా! మహిళా సమాజములవారు ఆ దినములలో చీరకొంగుల వారందరికి రెండు మాటలు పక్షులనుగూర్చి, నీటినిగూర్చి చెప్పు ఏర్పాటు చేసినచో అంతకు మించిన సభ వేరొకటి యుండదు. ఫిబ్రవరి 2వ తేది చిత్తడినేలల దినము. ఆ దినమున పట్టణపు సమాజమువారు లంకల స్త్రీలను కలిసికొని, వారి కష్టసుఖములు విని రావచ్చును.

పసుపు కుంకుమలు పెట్టి నదీమతల్లిని పూజించుట మనకు తెలిసిన విద్యయే. ఆ నదికి త్రోవ విడుచుట, ఆ నీటిపై ఆధారపడిన పక్షికిని, పల్లెపడుచునకును తావు విడుచుట కూడ పూజయే యని పిల్లలకు చెప్పగలిగినది తల్లి యొక్కతెయే. ఆ పని మన యింటినుండి యారంభింతము.