బడి సమ్మె - ఊరి మాట

సమ్మె అను మాట బొంబాయి రోడ్డు పొడవున నివసించువారికి క్రొత్తది కాదు. రామచంద్రాపురము దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారము మీదుగా సంగారెడ్డికి పోవు త్రోవలో రెండు వైపుల కర్మాగారములే. నోటీసు, చర్చ, ఒప్పందము, లాకౌటు అను మాటలు అక్కడి ఇండ్లలో పిల్లలకు సైతము తెలియును. కర్మాగారములో యంత్రము ఆగినచో ఎవరికెంత నష్టమో సాయంకాలమునకు లెక్క తేలును. బడిలో పాఠము ఆగినచో ఆ లెక్క అంత త్వరగా తేలదు. అందుచేతనే ఉపాధ్యాయులు సమ్మె కట్టినప్పుడు లోకులు పలుకు మాటలు ఒక తీరుగా ఉండవు. ఆ మాటలలో దేనికెంత బరువు కలదో ఒక సమ్మెను ఆధారముగా తీసికొని చూతము.

2024 డిసెంబరులో తెలంగాణ జిల్లాలన్నింట సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగిరి. సంగారెడ్డి జిల్లాయు అందులో చేరినది. రాష్ట్రము మొత్తము మీద వీరి సంఖ్య 19 వేలకు పైబడినది. సమగ్ర శిక్ష అనునది 2018లో అంతకు ముందున్న సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్ మున్నగు పథకములను కలిపి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల ఉమ్మడి వ్యయముతో నెలకొల్పిన పథకము. దీని క్రింద పనిచేయువారిలో పలు తరగతులవారు కలరు. మండల కార్యాలయములలో బడుల లెక్కలు వ్రాయువారు, బడి నుండి బడికి తిరుగు క్లస్టరు ఉద్యోగులు, చిత్రలేఖనము, వ్యాయామము నేర్పువారు, వికలాంగులైన పిల్లలకు భవిత కేంద్రములలో చదువు చెప్పువారు, అందరికన్న ముఖ్యముగా కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయముల ఉపాధ్యాయినులు. వీరెవ్వరును శాశ్వతోద్యోగులు కారు. ఏటేట కాంట్రాక్టు మార్చి పనిచేయువారు. పది పదిహేనేండ్లుగా ఇట్లే పనిచేయుచున్నవారు వీరిలో పెక్కుమంది కలరు. ఉద్యోగములు క్రమబద్ధము చేయవలెననియు, అంతవరకు తగిన వేతన శ్రేణి ఇవ్వవలెననియు వీరి కోరిక. 2023లో, అధికారము చేపట్టుటకు ముందు, శ్రీ రేవంత్ రెడ్డి హనుమకొండలో వీరి శిబిరమునకు వచ్చి హామీ ఇచ్చియుండిరి. ఆ హామీనే సమ్మె శిబిరములలో మరల మరల గుర్తు చేసిరి.

కస్తూరిబా విద్యాలయములను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 2004లో ఆరంభమైన ఈ విద్యాలయములు చదువులో వెనుకబడిన మండలములలో, బడి మానిన బాలికల కొరకు, తల్లిదండ్రులు లేనివారి కొరకు, నిరుపేదల కొరకు ఏర్పడిన వసతి పాఠశాలలు. ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు, కొన్ని చోట్ల ఇంటర్మీడియట్ వరకు చదువు చెప్పుదురు. ఇచట ఉపాధ్యాయిని పని సాయంకాలపు గంటతో ముగియదు. వంతుల వారీగా రాత్రి కూడ పిల్లలతోనే ఉండవలెను. అర్ధరాత్రి ఒక పిల్లకు జ్వరము వచ్చినను, కడుపు నొప్పి వచ్చినను లేచి చూడవలసినది ఆమెయే. పగలు గణితము చెప్పిన మనిషి రాత్రి తల్లి స్థానములో ఉండును. ఇదే చదువు చెప్పు శాశ్వతోద్యోగికి లభించు వేతనములో కొంత భాగము మాత్రమే ఆమెకు దక్కుచుండెను. సమ్మెకు మూలమిది.

ఇక లోకుల మాట. చిత్రమేమనగా, సమ్మెలో పాల్గొన్నవారిలో సగము మంది పని ఆగినట్లు ఊరికి తెలియనే లేదు. మండల కార్యాలయములో లెక్కలు నిలిచిపోయిన సంగతి తల్లిదండ్రులకెట్లు తెలియును? భవిత కేంద్రము మూతపడినచో ఆ పిల్లను రోజూ ఎత్తుకొని వచ్చు తల్లికి మాత్రమే అది పిడుగు. ఆమె గొడవ చేయదు, పత్రికకెక్కదు. ఊరివారి నోట ఎక్కువగా వినబడినది వసతి గృహముల మాటయే.

పారిశ్రామికవాడలో వినవచ్చు మొదటి మాట ఇది: "మేమును కాంట్రాక్టు కూలీలమే. పన్నెండు గంటల షిఫ్టు చేసినను మాకు దిక్కు లేదు. వారికి మాత్రమెందుకు?" ఈ మాటలో అసూయ ఉన్నదని కొందరు తీసివేయుదురు. నాకట్లు తోచదు. అందులో ఒక న్యాయమైన ఆశ్చర్యము కలదు. ప్రభుత్వమే యజమాని అయిన చోట సైతము కాంట్రాక్టు బ్రతుకు తప్పనిచో ఇక పాశమైలారములో కాంట్రాక్టరు క్రింద పనిచేయు ఒడియా కూలీకి ఎవరు దారి చూపగలరు? ఆ ప్రశ్న అడిగినవాడే మరునాడు శిబిరము ప్రక్కగా పోవుచు నిలబడి రెండు నిమిషములు ఉపన్యాసము వినును. విమర్శయు సానుభూతియు ఒకే మనిషిలో ఉండవచ్చును.

చట్టమును గూర్చి కూడ ఇక్కడివారికొక భ్రమ కలదు. కర్మాగార కార్మికునికి గల రక్షణలే ఉపాధ్యాయునికి ఉన్నవని పలువురి ఊహ. సుప్రీంకోర్టు 1978లో బెంగుళూరు నీటి సరఫరా కేసులో విద్యాసంస్థ కూడ "పరిశ్రమ" నిర్వచనములోకి వచ్చునని చెప్పెను. కాని పది సంవత్సరముల పిమ్మట, 1988లో, గోవా నుండి వచ్చిన ఒక కేసులో ఉపాధ్యాయుడు "కార్మికుడు" కాడని తీర్పు చెప్పెను. బడి పరిశ్రమయే గాని అందులో పాఠము చెప్పువాడు కార్మికుడు కాడన్నమాట! 2003లో తమిళనాడులో లక్షకు పైగా ఉద్యోగులు, ఉపాధ్యాయులు తొలగింపబడినప్పుడు, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేయు ప్రాథమిక హక్కు లేదని అదే న్యాయస్థానము పలికెను. కావున సమ్మెకు దిగిన కాంట్రాక్టు ఉపాధ్యాయినికి లోకుల సానుభూతి అలంకారము కాదు. ఆమెకున్న అండలలో అదియే పెద్దది.

పిల్లలను ప్రైవేటు పాఠశాలలకు పంపువారి మాట వేరు. "జీతము తీసికొని వీధిలో కూర్చుండుటయా?" అని వారందురు. వారి పిల్లల పాఠములు ఒక్క రోజును ఆగలేదు. ఈ మాటను గూర్చి అంతకన్న చెప్పవలసినది లేదు.

అన్నింటికన్న బరువైన మాట తల్లులది. సంగారెడ్డి జిల్లాలో నారాయణఖేడ్ వైపు తండాల నుండి, పల్లెల నుండి దసరా, దీపావళి దాటగనే కుటుంబములకు కుటుంబములు చెఱకు నరుకుటకు వలసపోవును. ఎడ్లు, బండ్లు, చిన్నపిల్లలు వెంట. చదువుకొను ఆడపిల్లను మాత్రము వసతి పాఠశాలలో విడిచి పోవుదురు. డిసెంబరులో ఆమెను ఇంటికి పంపుట యనగా తాళము వేసిన ఇంటికి పంపుట. లేదా చెఱకు తోటకు పంపుట. అక్కడకు పోయిన పిల్ల చేతికి కొడవలి వచ్చును, మరల పుస్తకము వచ్చునో రాదో చెప్పలేము. అట్టి తల్లికి వేతన శ్రేణి గూర్చి తెలియదు, కోర్టు తీర్పులు తెలియవు. ఆమె ప్రశ్న ఒక్కటే: "రాత్రిపూట పిల్లల కాడ ఎవరుంటరు మేడం?"

ఈ ప్రశ్న ఉపాధ్యాయినులపై నింద వలె వినబడును. నిజమునకు వారి వాదమునకు ఇంతకన్న బలమైన సాక్ష్యము లేదు. సమ్మె కాలములో సమీప పాఠశాలల నుండి ఉపాధ్యాయులను తాత్కాలికముగా పంపి పాఠములు నడిపించు ఏర్పాట్లు జరిగినవి. పాఠము చెప్పుటకు ఎవరినైనను పంపవచ్చును. రెండువందల మంది ఆడపిల్లల పేర్లు, వారి జబ్బులు, వారిలో ఎవరు రాత్రివేళ ఏడ్చుదురో తెలిసిన మనిషిని ఉత్తర్వు వ్రాసి పంపజాలరు. ఆ మనిషి విలువ ఆమె లేనప్పుడు తెలిసినది.

పోలిక కొరకు 2011 నాటి సకల జనుల సమ్మెను తలచుకొందము. సెప్టెంబరు 13 నుండి అక్టోబరు 24 వరకు, 42 దినములు. ఉపాధ్యాయులు కూడ అందులో ఉండిరి, బడులు మూతబడినవి. అయినను నాడు ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉపాధ్యాయులపై ఫిర్యాదు అంతగా లేదు. కోరిక ఉపాధ్యాయులది మాత్రమే కాదు, ఊరిది. తండ్రియు సమ్మెలోనే ఉండెను. అట్టి సమ్మెలో సైతము వారములు గడచిన కొలది పరీక్షల చింత ఇండ్లలో మొదలైనది. తమ పని పరిస్థితుల కొరకు చేయు సమ్మెకు అంత ఓపిక ప్రజల వద్ద దొరకదు. దీనిని ఉపాధ్యాయ సంఘములు ముందే ఎరిగియుండుట మేలు.

అటులని, సమ్మె కట్టక మొర పెట్టుకొన్నచో వినిరా అన్న ప్రశ్నయు కలదు. కరోనా కాలము తరువాత తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో పారిశుద్ధ్య పనివారు లేకుండ పోయిరి. ఆ పని పంచాయతీలకు అప్పగింపబడినది. పంచాయతీ మనిషి రాని దినమున మరుగుదొడ్లు ఎవరు కడుగవలెను? ఉపాధ్యాయ సంఘములు ఏండ్ల తరబడి వినతి పత్రములిచ్చినవి. 2024లో గాని పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుండి 20 వేల రూపాయల వరకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా ఇచ్చు ఏర్పాటు జరుగలేదు. ఆ నడుమ ఎన్ని బడులలో ఆడపిల్లలు నీళ్లు త్రాగుట తగ్గించుకొనిరో ఏ రిజిస్టరులోను ఉండదు. వినతి పత్రము నిశ్శబ్దముగా ఉండును గనుక ప్రజలు దానిని గూర్చి మంచి చెడ్డలు మాట్లాడరు. సమ్మె కట్టిన దినముననే మాట్లాడుదురు.

విదేశములలో సమ్మెకు దిగిన ఉపాధ్యాయులు తల్లుల ప్రశ్నకు ముందే సమాధానము సిద్ధము చేసికొన్న సందర్భములు కలవు. 2018లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రమున బడులు మూసినప్పుడు, బడి భోజనముపై ఆధారపడిన పిల్లల కొరకు ఉపాధ్యాయులే ఆహారపు సంచులు కట్టి పంచిరి. మరుసటి సంవత్సరము జనవరిలో లాస్ ఏంజిలిస్ నగరమున 30 వేల మందికి పైగా ఉపాధ్యాయులు సమ్మె చేసి, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గింపవలెననియు, ప్రతి బడిలో నర్సు ఉండవలెననియు కోరిరి. వానలో గొడుగులు పట్టుకొని తల్లిదండ్రులు వారితో కలసి నడచిరి. ఆరు బడి దినములకే ఒప్పందము కుదిరినది, నర్సులను ఇచ్చుటకు అధికారులు అంగీకరించిరి. ఆ కోరికలలో జీతము లేకపోలేదు. కాని తల్లిదండ్రుల చెవికి ముందుగా చేరినది నర్సు మాట.

మన జిల్లా శిబిరములలో క్రమబద్ధీకరణ, వేతన శ్రేణి అను మాటలే ముందు నిలిచినవి. అవి న్యాయమైనవే. రాత్రి డ్యూటీని గూర్చి, ఒక్క మనిషి చూడవలసిన పిల్లల సంఖ్యను గూర్చి, సమ్మె దినములలో రాత్రి కావలిని గూర్చి అంతే గట్టిగా చెప్పియున్నచో చెఱకు తోటలలోని తల్లులు సైతము వారి పక్షమున నిలిచెడివారని నా అభిప్రాయము.

దాదాపు నాలుగు వారముల పిమ్మట, 2025 జనవరి తొలి భాగమున, ప్రభుత్వముతో చర్చలు జరిగి సమ్మె విరమింపబడినది. క్రమబద్ధీకరణ అను మూల కోరిక అప్పటికి తీరలేదు. ఉపాధ్యాయినులు మరల విద్యాలయములకు వచ్చి, రాత్రి వంతులు తిరిగి వ్రాసికొనిరి. పదవ తరగతి పరీక్షలు మార్చి 21న మొదలగునని ప్రకటన వచ్చియుండెను. చేతిలో మిగిలినది పది వారములు.