బాలాహిస్సార్ నుండి కనిపించే గుంబజులు

మొన్నటి సెలవుల్లో మా మదరసా పిల్లలను వెంటబెట్టుకొని గోల్కొండ కోటకు వెళ్ళాము. ప్రవేశద్వారం గుమ్మటం క్రింద అందరిలాగే మా పిల్లలూ చప్పట్లు చరిచారు. “నిజంగా పైకి వినబడుతుందా ఉస్తాద్?” అని ఒకడడిగాడు. శత్రువు గడపలో అడుగుపెట్టగానే కొండపైనున్న బాలాహిస్సార్‌కు చప్పుడు చేరేలా ఆ కప్పును కట్టారని వివరించాము.

మెట్లు 300కు పైనే. యాభై దాటిన మా మోకాళ్ళు మొరాయించగా, దారిలో ఇబ్రాహీం కుతుబ్‌షా పేరిట ఉన్న మస్జిదు నీడలో కాసేపు కూర్చున్నాము.

పైన బారాదరి నుండి నగరమంతా కళ్ళముందు పరచుకొంది. తూర్పున, ఆకాశం తేటగా ఉంటే, 1591లో ముహమ్మద్ ఖులీ కట్టించిన చార్మినార్ లీలగా కానవస్తుంది. పడమట కొత్త నగరపు అద్దాల మేడలు. పిల్లలు మైమరచి చూస్తుండగా, ఒకడు గులకరాయితో గోడపై తన పేరు గీయబోయాడు. అప్పటికే ఆ గోడ నిండా పేర్లే.

మేము కోపగించలేదు. కోపగించే అర్హత మాకెక్కడిది? విద్యార్థి దశలో మేమూ ఇక్కడే పేరు చెక్కాము. ఆ మాట పిల్లల ముందు ఒప్పుకొని, అందరం కలిసి వెదికాము. మా పేరు దొరకలేదు. దానిపై ఎందరో తమ పేర్లు గీసి ఉంటారు. గోడకు గాయం మాత్రం మిగిలింది.

అప్పుడు ఆ పిల్లవాణ్ణి ఉత్తరం వైపు తీసుకువెళ్ళి కుతుబ్‌షాహీ గుంబజులను చూపాము. సుల్తాను తన మహలు నుండి తల త్రిప్పితే చాలు, కనబడేవి తాతముత్తాతల సమాధులే! మరణాన్ని అంత దగ్గరగా చూస్తూ రాజ్యమేలారు. అయితే చివరివాడైన అబుల్ హసన్ తానాషాకు అక్కడ చోటు దక్కలేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత, లోపలివారి ద్రోహం వల్ల తలుపు తెరుచుకొంది. చప్పట్ల కబురు బయటి శత్రువు గురించి చెప్పగలదు గాని, లోపలి శత్రువు గురించి చెప్పలేదు కదా! ఆయన దౌలతాబాద్ కోటలో బందీగా కన్నుమూసి, ఖుల్దాబాద్ మట్టిలో కలిశాడు.

పిల్లవాడు మెల్లగా గులకరాయి జారవిడిచాడు.

సోదర సోదరీమణులారా! మీ బిడ్డలను గోల్కొండకు తప్పక తీసుకువెళ్ళండి. ఎండ ముదరకముందే కొండెక్కించండి. ఈ రాళ్ళు మనకు అప్పగించబడిన అమానతని చెప్పండి. పేరు నిలిపేది గోడ కాదు, మంచి పని. అదైనా అల్లాహ్ స్వీకరిస్తేనే.