అతిశ్రమ: ఒంటరిగా తగ్గని వ్యాధి

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, 2016లో ట్రిపుల్ ఐటీ ఏర్పడినవి. ఇట్టి విద్యాలయాలలో చదివిన యువతీ యువకులు అనేకులు హైదరాబాదు, బెంగుళూరు కంప్యూటర్ కంపెనీలకు తరలిపోవుచున్నారు. సమీపమున పైడిభీమవరం మందుల కర్మాగారాలలో షిఫ్టులు చేయువారును కలరు. పండుగకు ఇంటికి వచ్చిన బిడ్డను చూచి "ఇంత చిక్కిపోయావేమి?" అని తల్లి అడుగుట సర్వసాధారణమైనది. దానికి సమాధానమును మన ప్రాచీన వైద్యులు ఏనాడో చెప్పియున్నారు.

చరకుడు చెప్పిన నాలుగు కారణములు

శరీరమును శుష్కింపజేయు శోషవ్యాధికి చరక సంహిత నాలుగు హేతువులను పేర్కొన్నది. శక్తికి మించిన శ్రమ (సాహసం), మలమూత్రాది వేగములను బలవంతముగా ఆపుట (సంధారణం), ధాతువులు తరిగిపోవుట (క్షయం), వేళతప్పిన భోజనం (విషమాశనం). ఆకలి, దప్పిక, నిద్ర కూడ ఆపరాని వేగములే. పని ముగియలేదని కుర్చీ వదలక, మూడు గంటలకు భోజనము, రెండు జాములు గడచిన పిదప నిద్ర అను ఉద్యోగి జీవితములో ఈ నాలుగును కనిపించును.

ఆధునిక శాస్త్రమును ఇదే హెచ్చరించుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి 35-40 గంటలు పనిచేయువారికంటె పక్షవాతపు ముప్పు 35 శాతము, గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతము అధికము. దీర్ఘ పనిగంటల వలన 2016లో ఈ రెండు జబ్బులతో మరణించినవారు సుమారు 7,45,000 మంది.

గృహములో చేయదగినవి

* ఉదయము ఖాళీ కడుపుతో కాఫీకి బదులు చోడి అంబలిని మజ్జిగతో తీసుకొనవలెను.
* నిద్రకు ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించవలెను. జాగరణ వలన ప్రకోపించిన వాతము శమించును.
* గేదెపాలు నిద్రను కలిగించుటలో శ్రేష్ఠమని చరకుని మాట. మధుమేహము, కొవ్వు సమస్య కలవారు వైద్యుని అడిగి వాడవలెను.
* రాత్రి షిఫ్టు చేసినవారు, మేల్కొన్న కాలములో సగము సేపు మరునాటి ఉదయము భోజనమునకు ముందే నిద్రించవలెనని అష్టాంగ హృదయము చెప్పుచున్నది.

ఛాతీలో నొప్పి, ఆయాసము, మూతి వంకరపోవుట, కాలుచేతులు చచ్చుబడుట కనిపించినచో గృహవైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

అసలు చికిత్స

చికిత్సలో ప్రథమ సూత్రము నిదాన పరివర్జనం, అనగా వ్యాధి కారణమును తొలగించుట. పదునాలుగు గంటల పని అట్లే ఉండగా ఎన్ని సీసాల తైలము పూసినను ఫలము స్వల్పము. ఇచ్చట కారణము రోగి దేహములో లేదు, పనిచేయు చోట ఉన్నది. ఒక్కడే వేళకు లేచి ఇంటికి పోయినచో సోమరియని పేరుపడును. పదిమందియు కలిసి లేచినచో అదియే ఆఫీసు వేళ యగును.

2024 జూలైలో కర్ణాటకలో కంప్యూటర్ ఉద్యోగులచే దినమునకు 14 గంటల వరకు పని చేయించుటకు వీలు కల్పించు ప్రతిపాదన రాగా, అక్కడి ఉద్యోగుల సంఘము గట్టిగా ఎదిరించినది. ఆ 14 గంటల ప్రతిపాదన చట్టము కాలేదు. అంతకుముందు సంఘము కార్మికులకే గాని మాకెందుకని తలచిన చదువరులకు ఇది గమనింపదగిన విషయము.

కావున పనిగంటలను ప్రతిదినము వ్రాసి ఉంచుట, భోజనవేళను తోటివారితో కలిసి పాటించుట, ఒకరు జబ్బుపడినప్పుడు వారి పనిని పంచుకొనుట, అదనపు పనిని గురించి అందరును కలిసి యాజమాన్యముతో మాటలాడుట అవసరము. ఇంటనున్న పెద్దలు "సర్దుకుపో నాయనా" అనుటకు మారుగా "నీతోటివారు ఏమనుచున్నారు?" అని అడుగవలెను. నూనెతో పాటు ఆ ప్రశ్నయు బిడ్డకు మందే.