సదస్సుకు మన బదులు ‘అవతార్’ వెళ్తే...

కోల్‌కతాకు హుగ్లీ నది అవతలి ఒడ్డున, హౌరాలో షాలిమార్ రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హైదరాబాద్‌కు సుమారు 1,600 కిలోమీటర్లు, ఒక రోజుకు పైగా ప్రయాణం. విమానంలో అయితే రెండు గంటల పైచిలుకే. రెండు రోజుల సదస్సు కోసం రావాల్సినవారికి ఇప్పుడు మూడో దారి కూడా ఉంది. ఇంట్లోనే కూర్చుని, కంప్యూటర్ సృష్టించిన త్రీడీ ప్రపంచంలోకి తమ ‘అవతార్’ను పంపడం.

ఇది హైదరాబాద్‌కు కొత్త కాదు. 2022 ఏప్రిల్ 18న తెలంగాణ ప్రభుత్వం తన స్పేస్‌టెక్ విధానాన్ని ఇలాంటి మెటావర్స్ వేదికపైనే విడుదల చేసింది. మరి దీనివల్ల పర్యావరణానికి నిజంగా మేలు ఉందా?

లెక్క వేసి చూద్దాం

విమాన ప్రయాణంలో ఒక్కో ప్రయాణికుడికి కిలోమీటరుకు స్థూలంగా 100 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ అనుకుందాం. కోల్‌కతా నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ దాదాపు 2,400 కిలోమీటర్లు. అంటే 240 కిలోలు. అదే 300 వాట్ల కంప్యూటర్‌ను రెండు రోజుల్లో 16 గంటలు నడిపితే 4.8 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 3.4 కిలోలు. సర్వర్లు, నెట్‌వర్క్ ఖర్చు కలిపినా తేడా చాలా పెద్దది.

పెద్ద సదస్సుల్లో ఇది ఇంకా స్పష్టం. 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ సమావేశానికి దాదాపు 28,000 మంది వెళ్లారు. వారి ప్రయాణాల వల్ల వెలువడిన కార్బన్ డై ఆక్సైడ్ సుమారు 80,000 టన్నులని పరిశోధకులు అంచనా వేశారు. సదస్సును పూర్తిగా ఆన్‌లైన్‌కు మారిస్తే కర్బన భారం 94 శాతం తగ్గుతుందని 2021లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు.

మిగులు ఎక్కడిది?

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ ఆదా త్రీడీ వల్ల వచ్చింది కాదు, ప్రయాణం మానడం వల్ల వచ్చింది. మామూలు వీడియో కాల్ ఇంకా తక్కువ కరెంటుతో అదే ఆదా చేస్తుంది. పైగా ప్రత్యేక హెడ్‌సెట్ తయారీకి ఖనిజాలు, ఇంధనం కావాలి. చివరికి అది ఈ-వ్యర్థంగా మిగులుతుంది.

అయితే సదస్సుకు వెళ్లేది ఉపన్యాసాల కోసమే కాదు. టీ విరామంలో కలిసే మనుషుల కోసం కూడా. వీడియో కాల్‌లో అందరూ గళ్లలో ఇరుక్కుంటారు. వర్చువల్ ప్రపంచంలో అవతార్ నడుస్తుంది. ఎవరి దగ్గరికి వెళ్తే వారి మాట గట్టిగా, దూరం జరిగితే మెల్లగా వినిపిస్తుంది. అందుకే చిన్న గుంపులుగా మాట్లాడుకోవచ్చు. 2020 మార్చిలో ఐఈఈఈ వీఆర్ సదస్సు వాడిన మొజిల్లా హబ్స్‌కు హెడ్‌సెట్ కూడా తప్పనిసరిగా ఉండేది కాదు, బ్రౌజర్ సరిపోయేది.

కాబట్టి నిర్వాహకులు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ఏర్పాటు వల్ల ఎవరి విమాన ప్రయాణం తప్పుతోంది? అందరూ ఎలాగూ వచ్చే సభకు త్రీడీ హంగు చేర్చితే అది అదనపు భారమే. ఖండాలు దాటి రావాల్సినవారు అవతార్‌లుగా, షాలిమార్ లాంటి చోట్ల నుంచి రాగలిగినవారు రైల్లో వస్తే, మాటా ముచ్చటా మిగులుతాయి, కర్బన భారమూ తగ్గుతుంది.