సముద్రం లేని జిల్లాలకు కృష్ణమ్మే సాగరం
మునిగిన ఊళ్లు తేలే వేళ – ముంగిటనే విహారాలు

కొల్లాపూర్: పరీక్షలు ముగిసి బడులకు తాళాలు పడగానే ఈ ప్రాంతపు ఇళ్లలో ఏటా ఒకే పేచీ మొదలవుతుంది. పిల్లలకు సముద్రం చూడాలని ఉంటుంది. బాపట్ల దగ్గరి సూర్యలంకకో, మచిలీపట్నానికో, విశాఖకో పోవాలంటే రాత్రంతా ప్రయాణం. నలుగురున్న సంసారానికి రానుపోను చార్జీలు, అక్కడి బస, భోజనం కలిపితే ఒక పంట పెట్టుబడి అంత అవుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఏ దిక్కునా సముద్రం లేదు. ఉన్నదంతా రాతి గుట్టలు, ఎర్ర చెల్కలు, ఎండిన వాగులు. వాటి దక్షిణపు అంచున మాత్రం కృష్ణానది ఉంది.

ఈ రెండు జిల్లాలు 2016 తర్వాత అనేక చిన్న జిల్లాలుగా విడిపోయినా, వేసవి వచ్చిందంటే అన్నింటి ప్రజల చూపూ ఆ నది వైపే. ఈ సంగతి బాగా ఎరిగినవారిలో మహబూబ్‌నగర్‌లో స్థిరపడిన ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు ఉన్నారు. కొల్లాపూర్ వైపు నదీతీరంలో పుట్టిన ఈయన ఉద్యోగకాలమంతా ఈ రోడ్ల మీదనే టిక్కెట్లు కొట్టారు. ఏ జాతరకు ఏ బస్సు కిక్కిరిసిపోతుందో, ఏ మలుపులో నీరు మొదట కనుపిస్తుందో ఆయనకు నోటికి వచ్చు. ఇప్పుడు ప్రతి వేసవిలోనూ మనుమలను వెంటబెట్టుకొని తిరుగుతారు. ఆయన తిరిగే చోట్లన్నీ ఒక్క రోజులో పోయి రాగలిగినవే.

మర్రి నీడలో మొదటి మజిలీ

మొదటి మజిలీ పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మూడెకరాలకు పైగా విస్తరించిన ఈ మహావృక్షం వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. మొదలు ఏదో, ఊడ ఏదో పోల్చుకోలేము. బయట నిప్పులు చెరిగే ఎండ కాస్తున్నా లోపల చల్లగా ఉంటుంది.

ఒకప్పుడు పిల్లలు దీని ఊడలు పట్టుకొని ఉయ్యాలలూగేవారు. ఆ రోజులు పోయాయి. 2017 డిసెంబరులో చెట్టు పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోలోపల తినివేసినట్టు తేలడంతో సందర్శకులను ఆపివేశారు. మరుసటి ఏడాది రోగికి ఎక్కించినట్టే సెలైన్ సీసాలు కట్టి, చుక్క చుక్కగా క్రిమిసంహారక మందును చెట్టుకు ఎక్కించారు. వాలిన కొమ్మలకు ఊతగా దిమ్మెలు కట్టారు. చెట్టు దక్కింది. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన విదేశీ వనితలు కూడా దీనిని చూసి వెళ్లారు. ఇప్పుడు వెళ్లేవారు ఊడలను ముట్టకుండా దూరం నుంచే చూసి రావడం మంచిది.

చెట్టు పక్కనే ఒక రాతి ఆలయం ఉంది. అది అక్కడ పుట్టినది కాదు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి రాయి రాయి విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టినది. కండక్టరుగారు మనుమలను ఆ గుడి ముందు కాసేపు తప్పక కూర్చోబెడతారు. ఎందుకన్నది చివరి మజిలీ చేరేసరికి వారికే తెలుస్తుందని ఆయన అంటారు.

జూరాల చేప, సరళాసాగర్ కట్ట

సాయంకాలపు విహారానికి జూరాల ప్రాజెక్టు పేరుపొందింది. గద్వాల, ఆత్మకూరు ప్రాంతాల నడుమ కృష్ణకు అడ్డంగా 1981లో శంకుస్థాపన జరిగి, 1990లలో పూర్తయిన ఈ ఆనకట్ట దగ్గర చేపల వేపుడు తినని యాత్రికుడు అరుదు. అప్పుడే పట్టిన చేపకు ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి కళ్ల ముందే నూనెలో వేయించి ఇస్తారు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు కట్టుకొని పోయినవారికి ఆ పూట పండుగే.

వనపర్తి దగ్గరి సరళాసాగర్ చిన్నదే అయినా చూడదగినది. వనపర్తి సంస్థానాధీశుల కుటుంబానికి చెందిన రాణి సరళాదేవి పేరు మీద కట్టిన ఈ జలాశయం 1959లో పూర్తయింది. దీనికి మనుషులు గేట్లు ఎత్తే పని లేదు. నీరు నిర్ణీత మట్టానికి చేరితే సైఫన్లు వాటంతట అవే తెరుచుకొని వరదను కిందికి వదులుతాయి. 2019 డిసెంబరు 31న దీని కట్ట తెగి నీరంతా పొలాల పాలైంది. తరువాత కట్టను తిరిగి వేశారు. చెరువుకట్ట మీద నడిచే పిల్లలకు ఈ కథ కూడా చెప్పాలంటారు పెద్దలు.

అడవిలో మూడు రోజుల జాతర

వేసవిలో ఈ జిల్లాలకు ప్రత్యేకమైన యాత్ర సలేశ్వరం. చైత్ర పౌర్ణమి వేళ కొద్ది రోజులు మాత్రమే అమ్రాబాద్ అడవిలోని ఈ దారి యాత్రికులకు తెరుస్తారు. హైదరాబాదు – శ్రీశైలం రోడ్డు నుంచి ఫరహాబాద్ మీదుగా రాంపూర్ పెంట దాకా వాహనాలు పోతాయి. అక్కడి నుంచి కాలినడకే. గుట్టలు ఎక్కి దిగి, ఇరుకైన రాతి లోయలోకి దిగితే ఎత్తైన కొండ మీది నుంచి గుండంలోకి దుమికే జలధార కనుపిస్తుంది. నడివేసవిలో ఆ నీటి చల్లదనం ఎముకలను తాకుతుంది. గుహలోని లింగమయ్యకు పూజారులు చెంచులే. పోయేవారు వస్తున్నామని, తిరిగివచ్చేవారు పోయివస్తామని లింగమయ్యకు కేకలతో చెప్పుకొంటూ నడుస్తారు.

ఇది పులుల అభయారణ్యం. ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకుపోరాదు. రాత్రి తొమ్మిది దాటాక మన్ననూరు దగ్గర రోడ్డు మూసివేస్తారు. గుండె జబ్బులవారు, నిండు గర్భిణులు ఈ నడక పెట్టుకోకపోవడం మేలు. లోయ దారి ఇరుకు కనుక తొందరపడి తోసుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

విశాఖ పేరుతో ఒక కాలనీ

నల్లగొండ జిల్లావారికి విహారం అంటే నాగార్జునసాగరే. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ పునాదిరాయి వేసిన ఈ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నీరు వదిలారు. 26 గేట్లతో రాతితో కట్టిన ఈ ఆనకట్ట ఆ తరగతిలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపొందింది. నిండు మట్టం 590 అడుగులు.

వేసవిలో వెళ్లి గేట్ల మీది నుంచి దూకే నీటిని చూడలేకపోయామని నిరాశపడేవారు చాలామంది ఉన్నారు. ఆ దృశ్యం వానాకాలంలో, ఎగువ నుంచి వరద వచ్చినప్పుడే. వేసవిలో చూడవలసింది నాగార్జునకొండ. లాంచీలో దాదాపు గంట ప్రయాణం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. జలాశయం కింద మునిగిపోకముందు 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను, కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. గట్టున 2022లో ప్రారంభమైన బుద్ధవనం కూడా పిల్లలకు నచ్చుతుంది.

సాగర్ వెనుక జలాల్లో దేవరకొండ దాటి నేరెడుగొమ్ము వైపు పోతే వైజాగ్ కాలనీ అని ఒక పల్లె ఉంది. విశాఖ తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడనే స్థిరపడిన కుటుంబాల వల్ల ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ఒడ్డున వలలు ఆరవేసి ఉంటాయి, పడవలు బోర్లించి ఉంటాయి, నీటికి అవతలి గట్టు దూరంగా గుట్టల వరుసగా కనుపిస్తుంది. సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి కూడా కార్లలో జనం వస్తున్నారు. మన పిల్లలు సముద్రం చూడడానికి విశాఖ పోవాలని ఏడుస్తుంటే, విశాఖవారు బతకడానికి మన నీటి దగ్గరకు వచ్చారని కండక్టరుగారు నవ్వుతూ చెబుతారు.

నీరు దిగితే కనుపించే ఊరు

అన్ని మజిలీలూ అయ్యాక ఆయన చివరికి చేరేది సోమశిల. కొల్లాపూర్‌కు పది కిలోమీటర్ల లోపే. శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు ఇక్కడ గుట్టల మధ్య వంపులు తిరిగి కనుల పండువుగా ఉంటాయి. నీరు నిండుగా ఉన్న రోజుల్లో పర్యాటక శాఖవారి లాంచీ ఇక్కడి నుంచి శ్రీశైలం దాకా నడుస్తుంది. వేసవిలో మట్టం తగ్గితే ఆ ప్రయాణం ఉండదు. కాని వేసవికి ఇక్కడ వేరే విశేషం ఉంది.

సముద్రం రోజూ ముందుకు వచ్చి వెనుకకు పోతుంది. ఈ జలాశయానికి ఆ పని ఏడాదికి ఒకసారి. వానాకాలంలో 885 అడుగుల దాకా నిండే నీరు మాఘ ఫాల్గుణాల నుంచి వెనుకకు తగ్గుతూ పోతుంది. తగ్గిన మేర ఒండ్రుమట్టిలో రైతులు విత్తనాలు వేస్తారు. అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సంగమేశ్వరం గుడి నెత్తిన బురదతో బయటపడుతుంది. మట్టం 840 అడుగుల దిగువకు పోయిన ఏడాదిలోనే ఆ దర్శనం. వేపమొద్దుతో చేసిన అక్కడి లింగాన్ని ధర్మరాజు ప్రతిష్ఠించాడని ప్రతీతి. సప్తనదుల సంగమమని జనం పుట్టెడు భక్తితో పోతారు.

గుడితో పాటు మునిగిన ఊళ్లు కూడా బయటపడతాయి. ఈ జలాశయం కోసం 1981లో మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో సుమారు నూరు గ్రామాలను ఖాళీ చేయించారు. కండక్టరుగారి ఊరు వాటిలో ఒకటి. అప్పటికి ఆయన ఇరవై ఏళ్లవాడు. దర్వాజాలు, దూలాలు ఊడదీసి ఎడ్లబండ్ల మీద వేసుకొని గట్టెక్కారు. సోమశిల, జటప్రోలు గుళ్లను పైకి తెచ్చి కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చారు. దేవుళ్లకు కొత్త ఇళ్లు కుదిరాయి గాని మనుషులు మాత్రం తలో దిక్కు అయ్యారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 1986 నాటి జీవో 98 అమలు కోసం ఈ ఊళ్ల పిల్లలు నెరిసిన తలలతో కూడా ధర్నాలు చేశారు.

నీరు దిగిన ఏడాది ముంపు ఊళ్లవారు చీమల బారులా వస్తారు. మట్టిలో మిగిలిన గోడ మొదళ్లను, బావి గిలకరాళ్లను, గుడి అరుగును పోల్చుకొంటారు. ఇది ఫలానావారి వాకిలి అని ఒకరు, కాదు గడి దారి అని ఒకరు వాదులాడుకొంటారు. అక్కడనే చాపలు పరచి పులిహోర పొట్లాలు విప్పుతారు. కొత్తగా చూసేవారికి అది వనభోజనమనిపిస్తుంది. వారికి మాత్రం అది పుట్టింటికి పోయిరావడం.

మనుమలు ఇక్కడ తాతను అడిగే ప్రశ్న ఒక్కటే, మన ఇల్లు ఏది అని. ఆయన చేతికర్రతో మట్టి మీద నాలుగు గీతలు గీసి చూపుతారు. పిల్లలమర్రి దగ్గర గుడి ముందు ఎందుకు కూర్చోబెట్టారో అప్పుడు వారికి అర్థమవుతుంది.

పడవ ఎక్కేముందు

ఈ నీరు చూడడానికి ఎంత అందమో అంత ప్రమాదం. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో నది దాటుతున్న పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిల దగ్గర వంతెన కావాలన్న కోరిక అప్పటి నుంచి మరింత గట్టిపడింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 1,082 కోట్ల రూపాయల అంచనాతో ఇక్కడ తీగల వంతెనకు ఆమోదం తెలిపింది.

ఒడ్డున ఈతకు దిగే కుర్రవాళ్లు కూడా ఏటా ఎక్కడో ఒకచోట ప్రాణాలు పోగొట్టుకొంటున్నారు. ఇది చెరువు వంటిది కాదు. మునిగిన ఊరి బావులు, మట్టి తవ్విన గోతులు, పాత వాగుల లోతులు నీటి అడుగున అలాగే ఉన్నాయి. మోకాలి లోతు ఉన్నచోట మరో అడుగు వేస్తే నిలువు లోతు వస్తుంది. ఒండ్రుమట్టిలో కాలు దిగబడితే ఈత వచ్చినవాడు కూడా తేలలేడు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, పరిమితికి మించి జనాన్ని ఎక్కించే పడవ ఎక్కరాదు. స్నానం మెట్ల ఘాట్ల దగ్గరే చేయాలి. పిల్లలు పెద్దల చేయి విడువరాదు.

అధికారులు లోతైన తావుల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టి, వేసవి రెండు నెలలు గజ ఈతగాళ్లను నియమించి, తాగునీరు, నీడ, స్త్రీలకు మరుగుదొడ్లు కల్పిస్తే సోమశిల వంటి చోట్లకు వచ్చే బీదాసాదా జనం సంతోషంగా ఇళ్లకు చేరుతారు. తేలిన ఊళ్ల దగ్గర ఆ ఊరి పేరుతో ఒక రాయి పాతితే చాలు, అంతకంటె తమకు ఇంకేమీ అక్కరలేదని ముంపు ఊళ్ల పెద్దలు కోరుతున్నారు.

పొద్దు గుట్టల చాటుకు వాలేసరికి కొల్లాపూర్ వైపు ఆటోలు కదులుతాయి. మృగశిర కార్తె దాటి ఎగువన వానలు పడితే ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వస్తుంది. ఆ నీరు వచ్చేలోగా మనుమలను ఇంకొకసారి తెచ్చి, ఈసారి ఊరి బావి ఎక్కడ ఉండేదో చూపించాలని కండక్టరుగారి ఆలోచన.