పెరటి నేలకు ఆకుల ఆచ్ఛాదనము



నేడు నేను చెప్పబూనిన విషయము చూచుటకు చిన్నది. కాని వేసవిలో బావినీటికై శ్రమపడు ప్రతి గృహమునకును సంబంధించినది. మొక్కల చుట్టునున్న నేలను ఎండుటాకులతోను వరిగడ్డితోను ఏల కప్పవలయును, ఏ ఋతువునందు ఎంత మందమున కప్పవలయును అనునదియే ఈ ప్రసంగవిషయము.

వ్యవసాయశాస్త్రమున దీనిని ఆచ్ఛాదనమని వ్యవహరింతురు. కప్పుట యను అర్థముగల ధాతువునుండి ఈ మాట పుట్టినది. ఆ ధాతువునుండియే పుట్టిన ‘ఛదనము’ అను పదమును అమరకోశము ఆకునకు పర్యాయముగా చెప్పినది. కొమ్మమీద నున్నంతకాలము ఆకు చెట్టునకు కప్పు. రాలిన పిదప నేలకు కప్పు. అడవిలో రాలిన ఆకును ఊడ్చువారు లేరు. అందుచే అచ్చటి మన్ను నల్లగా, మెత్తగా, చెమ్మగా నుండును.

మా రుద్రంగి వేములవాడకును కోరుట్లకును నడుమనున్న గ్రామము. 2016వ సంవత్సరమునుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినది. మా ప్రాంతమున వానలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు నాలుగు నెలలలోనే కురియును. తక్కిన ఎనిమిది నెలలు బావులును బోర్లునే దిక్కు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములనుండి మగవారు అనేకులు గల్ఫుదేశములకు బ్రతుకుతెరువుకై పోయియున్నారు. అట్టి ఇండ్లలో పెరటి మొక్కలకు నీరు మోయు భారము ఆడువారి మీదను వృద్ధుల మీదను పడుచున్నది. కావున నీటి నష్టమనగా మనుష్యుల రెక్కల కష్టము నష్టమగుటయే.

ఆ నష్టమెట్లు కలుగునో చూడుడు. ప్రమిదలోని నూనె వత్తివెంట పైకి ప్రాకినట్లు, నేలలోని తడి సన్నని రంధ్రములవెంట పైకి ప్రాకి, ఎండకును గాలికిని ఆవిరియై పోవును. ఒక చదరపు మీటరు నేలనుండి ఒక మిల్లీమీటరు మందమున నీరు ఆవిరియైనచో ఒక లీటరు పోయినట్లు. పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు గల పెరటిలో అది 50 లీటర్లు. అనగా మూడు బిందెలకు పైమాట. నడివేసవిలో తడినేలనుండి ఒక్క దినమున ఇంతకంటె చాల ఎక్కువయే పోవును. ఆకుల కప్పు ఎండను, గాలిని నేలకు తగులనీయక ఈ నష్టమును తగ్గించును.

వైశాఖమున మా పెరటిలో రెండు వంగమడులకు ఒకేనాడు నీరు పెట్టి, ఒకదానిని గడ్డితో కప్పి, రెండవదానిని కప్పక విడిచి చూచితిని. మూడవనాడు విడిచిన మడిలో వ్రేలు దిగలేదు. కప్పిన మడిలో గడ్డి తొలగించి మన్ను పట్టగా పిడికిట ముద్దకట్టినది.

ఇక ఋతుక్రమము. శిశిరమున టేకు, మోదుగ, వేప, రావి ఆకు రాల్చును. అది సేకరణకాలము. ఆ ఆకును వాకిట కాల్చక పెరటిమూలను కుప్పవేసి, గాలికి ఎగురకుండ నీరు చిలుకరించి ఉంచవలయును.

వసంతగ్రీష్మములలో కప్పు బెత్తెడు మందముండవలెను. ముందు నీరు పెట్టి, తడిసిన నేలనే కప్పవలయును. పొడినేలను కప్పినచో చిన్న జల్లు ఆకులకే చాలును, వేళ్లకు దిగదు. మామిడి, జామ, నిమ్మ చెట్లకు మ్రానును తాకనీయక జానెడు దూరము విడిచి, కొమ్మల నీడ పడునంత మేర పరవవలయును. మ్రానున కానించినచో చెదలు పట్టును, బెరడు కుళ్లును.

మృగశిర కార్తెతో వానలు మొదలగును. విత్తనము నాటుచోట కప్పు తొలగించి, మొలక నాలుగంగుళములు పెరిగిన పిదప మరల దగ్గరకు చేర్పవలయును. వర్షర్తువున రెండు వ్రేళ్ల మందము చాలును. అంతకు మించినచో నత్తలు చేరును, బూజు పట్టును. అయినను కప్పు బొత్తిగా తీసివేయరాదు. వానచినుకు దెబ్బకు ఎర్రచెల్కనేల పైపొర బిగిసి అట్టకట్టును, కలుపు పెరుగును. ఈ రెంటిని ఆకు అడ్డగించును. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు రైతులకు ప్రియమైన పసుపు పంటకు, దుంప నాటిన వెంటనే ఎకరమునకు సుమారు అయిదారు టన్నుల పచ్చియాకు పరచుమనియు, 40వ, 90వ దినములయందు మరల కొంత పరచుమనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

శరత్తున వానలు వెనుదీసిన వెంటనే, నేల ఆరకమునుపే, కప్పును తిరిగి మందము చేయవలయును. కోతలు ముగియగానే గడ్డి దొరకును. హేమంతమున అది రాత్రిచలినుండి వేళ్లను కాచును.

వరిగడ్డి మాటలో ఒక విచారకరమైన సంగతి యున్నది. యంత్రముతో కోసిన పొలములలో గడ్డిని, కొయ్యకాళ్లను కాల్చు వాడుక పెరిగినది. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5 మొదలు 8 కిలోల నత్రజనియు, 12 మొదలు 17 కిలోల పొటాషియమును ఉండును. కాల్చినప్పుడు నత్రజని దాదాపుగా అంతయు పొగలో పోవును. వెల పెట్టి కొనవలసినదానిని అగ్గిపుల్లతో ఆకాశమునకు పంపుట వివేకమా? జపానుదేశపు ఫుకుఒకా తన పొలపు గడ్డినంతను తిరిగి పొలముననే పరచెను. 2016లో పద్మశ్రీ పొందిన సుభాష్ పాలేకర్ తన సేద్యవిధానమున ఆచ్ఛాదనను నాలుగు మూలాంశములలో ఒకటిగా చేసెను.

“గడ్డి పశువులకే చాలదు, పెరటికెక్కడిది?” అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. మొదట పశువులకే పెట్టుడు. అవి ముట్టని తడిసిన గడ్డి, మక్కచొప్ప మొదళ్లు, వేరుసెనగ పొట్టు, ఎండుటాకు పెరటికి చాలును. విత్తు పట్టిన కలుపును మాత్రము వేయకుడు. రంపపుపొట్టును మంటిలో కలుపకుడు; అది కుళ్లుచున్నంతకాలము మొక్కకు దక్కవలసిన నత్రజనిని పట్టియుంచును. ప్లాస్టిక్ పట్టాయు తడిని నిలుపును గాని, నేలకు ఆహారమీయదు. చినిగిన పిదప ముక్కలై మంటిలో మిగులును. గడ్డిలో తేలు దాగవచ్చును. కావున చేయి పెట్టకమునుపు కఱ్ఱతో కదిలించుడు. ఈ మాట పిల్లలకును చెప్పుడు.

పరచిన ఆకు ఏడాదిలో మన్నగుచుండును, కొత్తది వేయుచుండవలయును. రాబోవు శిశిరమున మీ వాకిటి చీపురుకు దొరకిన ఆకునకు నిప్పు పెట్టక, ఒక్క మడిపై పరచి వైశాఖము వరకు చూడుడు. రెండవ మడికి కప్పు వేయవలయునో లేదో మీరే నిర్ణయింతురుగాక.