అడవిబండి వెనక ఇరుసు

చెట్లు నరికి వదిలేసిన అడవినేల మీద బండి నడపడం కష్టం. గడ్డి మాటున జానెడు ఎత్తు మోడు ఉంటుంది. రాలిన ఆకుల కింద రాయి ఉంటుంది. వాననీళ్ళు కోసిన గాడి చక్రం దిగాకగానీ తెలియదు. ఇలాంటి నేల మీద తిరగడానికి వాడేది ఏటీవీ. హ్యాండిల్ పట్టుకుని, గుర్రమెక్కినట్టు కూర్చుని నడిపే లావు టైర్ల బండి అది. కొనేవాళ్ళు ముందుగా ఇంజను ఎన్ని సీసీలని అడుగుతారు. నన్నడిగితే, వెనక చక్రాలను ఫ్రేముకు ఎలా తగిలించారో ముందు వంగి చూడాలి. అడవిలో బండి నడుస్తుందా, ఇరుక్కుంటుందా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మొదట్లో ఈ బండికి సస్పెన్షనే లేదు. చలికాలంలో మోటారు సైకిళ్ళ అమ్మకాలు పడిపోతుంటే, మంచులో కూడా నడిచే బండి ఏదైనా కావాలని 1967లో హోండా అమెరికా శాఖ జపాన్‌లోని ఇంజనీర్లను అడిగింది. ఒసాము తకెయుచి అనే ఇంజనీరు రెండు చక్రాల నుంచి ఆరు చక్రాల దాకా రకరకాల నమూనాలు కట్టి చూశాడు. చివరికి మూడు చక్రాల దగ్గర ఆగాడు. 1970లో అది యూఎస్90 పేరుతో బజారులోకి వచ్చింది. ఆ తర్వాత ఏటీసీ90 అయింది. స్ప్రింగుల పని, షాకుల పని అన్నీ టైర్లే చేసేవి. కారు టైరులో గాలి 30 పీఎస్ఐ దాకా ఉంటుంది. ఈ బెలూన్ టైర్లలో ఉండేది 2 పీఎస్ఐ అటూ ఇటూ. అంత మెత్తటి టైరు రాయి మీద ఎక్కితే రాయి చుట్టూ ఒదిగిపోయేది. నెమ్మదిగా పోయినంతసేపూ బాగానే ఉండేది. వేగం పెంచితే మాత్రం ఎగిరి ఎగిరి పడేది. టైరులోని గాలి దెబ్బను మింగి దాదాపు అంతా తిరిగి ఇచ్చేస్తుంది. ఆ కుదుపును అణచడానికి నూనె నింపిన షాక్ అబ్జార్బర్ ఉండాల్సిందే.

1981లో వచ్చిన హోండా ఏటీసీ250ఆర్ నాటికి షాకులు చేరాయి. మరుసటేడు సుజుకి 1983 మోడల్‌గా క్వాడ్‌రన్నర్ ఎల్‌టీ125 తెచ్చింది. నాలుగు చక్రాల ఏటీవీల కాలం దానితో మొదలైంది. మూడు చక్రాల బండ్లు సులువుగా బోల్తాపడి జనం గాయపడుతుండటంతో, 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం మానేశాయి. నాలుగు చక్రాల బండికి అందరూ పెట్టుకున్న వెనక ఏర్పాటు దాదాపు ఒకటే: మోటారు సైకిల్ నుంచి తెచ్చుకున్న స్వింగ్ ఆర్మ్, అంటే ఫ్రేముకు కీలుతో తగిలించిన ఊగే చేయి. దాని కొసన రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు.

ఈ ఇరుసు ఎడ్లబండి ఇరుసు లాంటిదే. ఒక చక్రం గట్టెక్కితే ఇరుసంతా ఒరుగుతుంది. స్వింగ్ ఆర్మ్ పైకీ కిందికీ మాత్రమే ఊగుతుంది, మెలితిరగదు. కాబట్టి ఇరుసుతో పాటు ఫ్రేమూ, సీటూ, మీద కూర్చున్న మనిషీ ఒరుగుతారు. లెక్క వేసి చూద్దాం. రెండు వెనక చక్రాల మధ్య 36 అంగుళాల ఎడం ఉందనుకుందాం. ఒక చక్రం 8 అంగుళాల మోడు మీదికెక్కితే ఇరుసు దాదాపు 13 డిగ్రీలు వాలుతుంది. టైరు నొక్కుకుపోయి కొంత తగ్గినా, మిగతాదంతా నడుముకు తెలుస్తుంది. గంటల తరబడి మోళ్ళ మధ్య తిరిగేవారికి ఇది చిన్న బాధ కాదు.

అయితే ఆ మెలితిరగని గుణమే కొండవాలున అడ్డంగా పోయేటప్పుడు కాపాడుతుంది. ఇరుసు మీద ఫ్రేము పక్కకు ఒరగలేదు కనుక బరువు పల్లం వైపుకు అదనంగా జారదు. ఇంకో మేలు కూడా ఉంది. వెనక క్యారియర్ మీద కట్టెలు నింపినా, దుంగను గొలుసుతో లాగినా ఇరుసుకూ నేలకూ మధ్య ఎడం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే ఇరుసును మోసేది చక్రాలే.

చిక్కు ఆ ఎడమే తక్కువ కావడం. టైరు ఎత్తు 25 అంగుళాలైతే ఇరుసు నడిమి సుమారు 12 అంగుళాల ఎత్తులో ఉంటుంది. చుట్టూ ఉన్న గేరు పెట్టె పోను కింద మిగిలేది ఆరేడు అంగుళాలు. ముందు భాగం దాటేసిన మోడు వెనక గేరు పెట్టెకు తగిలి బండి ఆగిపోయేది ఇందుకే. ఎత్తు పెంచాలంటే పెద్ద టైర్లు వేయడం తప్ప దారి లేదు.

విడివిడి చక్రాల పద్ధతి ఈ చిక్కును విప్పింది. గేరు పెట్టెను ఇరుసు నుంచి విప్పి ఫ్రేముకే బిగించారు. అక్కడి నుంచి ఇటొకటి, అటొకటి పొట్టి షాఫ్టులు ఏటవాలుగా చక్రాలకు దిగుతాయి. చక్రం పైకీ కిందికీ పోతున్నా షాఫ్టు ఒకే వేగంతో తిరగాలంటే కోణం మారినా తడబడని కీలు కావాలి. ఆ కీలును ఫోర్డ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920లలోనే రూపొందించాడు. అందులో ఉక్కు గోళీలు వంపు గాడుల్లో దొర్లుతుంటాయి. ముందు చక్రాలతో నడిచే కార్ల నుంచి అది అడవిబండికి చేరింది. కెనడా సరిహద్దుకు దగ్గర, మిన్నెసోటాలోని రోజో అనే చిన్న ఊళ్ళో పుట్టిన పొలారిస్ కంపెనీ 1996 మోడల్‌గా తెచ్చిన స్పోర్ట్స్‌మన్ 500 ఈ పద్ధతిని విస్తారంగా జనంలోకి తీసుకెళ్ళింది. ఈ తరహా బండ్లలో నేలకూ పొట్టకూ మధ్య 10, 11 అంగుళాలు దొరకడం మామూలే. ఒక చక్రం మోడెక్కితే ఆ చక్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చేయి మాత్రమే ముడుచుకుంటుంది. సీటు కాస్త కదిలి ఊరుకుంటుంది.

ఇక్కడా మూల్యం ఉంది. బరువు వేస్తే స్ప్రింగులు కుంగి పొట్ట కిందికి దిగుతుంది. ఖాళీ బండికి కొలిచిన 11 అంగుళాలు కట్టెల మోపుతో ఉండవు. షాక్ మీది కాలరు తిప్పి స్ప్రింగును ముందే బిగించి ఉంచితే కొంత నయం. కొండవాలున పల్లం వైపు స్ప్రింగు నొక్కుకుని బండి అటే ఒరుగుతుంది. దాన్ని తగ్గించడానికి రెండు పక్కలనూ కలుపుతూ ఒక మెలితిరిగే కడ్డీ వేస్తారు. కడ్డీ ఎంత గట్టిదైతే చక్రాలు అంతగా మళ్ళీ ఒకదానికొకటి కట్టుబడతాయి. విడదీసిన వాటిని కొంచెం కొంచెంగా కలుపుకుంటూ రావడం ఈ కథలో నన్ను బాగా ఆకట్టుకున్న భాగం.

అడవి పెట్టే అసలు పరీక్ష రబ్బరు బూటుకు. కీలు మీద మడతలు మడతలుగా తొడిగిన ఆ తొడుగు లోపలి గ్రీజును కాపాడుతుంది. వేలెడు లావు ఎండుపుల్ల చక్రం తొక్కిడికి నిలువుగా లేచి మడతల మధ్య దిగుతుంది. పడేది చిన్న చిల్లే. గ్రీజు బయటికి చిమ్ముతుంది, ఇసుక నీళ్ళు లోపలికి పోతాయి, గోళీల గాడులు అరుగుతాయి. వెంటనే చూసుకుంటే బూటు మార్చడంతో పోతుంది. చూసుకోకపోతే షాఫ్టే మార్చాలి. ఒకే ఇరుసు బండికి ఈ బెడద లేదు.

కొత్తది పాతదాన్ని తరిమేయలేదు. 2015 మోడల్ నుంచి హోండా దాదాపు ఒకే ఇంజనుతో రెండు బండ్లు అమ్ముతూ వచ్చింది: ఫోర్‌మన్‌కు ఒకే ఇరుసు, రూబికాన్‌కు విడివిడి చక్రాలు. మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఎగుడుదిగుడు నేల మీద జరిగే బాహా పోటీలకు కట్టే బండ్ల దగ్గరా వెనక చక్రాలను ఎలా తగిలించాలన్న వాదన నడుస్తూనే ఉంటుంది. సొంత అడవిలో కంచె చూసుకోవడానికి, మోళ్ళ మధ్య రోజంతా తిరగడానికి అయితే విడివిడి చక్రాలే నా ఎంపిక. దుంగలు లాగడం, కట్టెలు మోయడం, వాలునేల మీద పనిచేయడమే ప్రధానమైతే ఒకే ఇరుసు బండికే నా ఓటు, మోళ్ళను కోసి దారి చదును చేసుకునే ఓపిక ఉంటే మరీనూ.

పాత బండి కొనేటప్పుడు చూడాల్సినవీ దీన్నిబట్టే మారతాయి. ఒకే ఇరుసుదైతే వెనక భాగాన్ని జాకీతో లేపి చక్రాన్ని రెండు చేతులతో పట్టి ఊపాలి. లొడలొడలాడితే బేరింగులు పోయినట్టు. విడివిడి చక్రాలదైతే కింద పడుకుని, టార్చి వేసి, నాలుగు బూట్ల మడతలూ వేళ్ళతో విప్పి చూడాలి. చక్రం లోపలివైపు నల్లటి గ్రీజు చారలుంటే బేరంలో కొత్త షాఫ్టు ధర తగ్గించుకోవాలి.